జిరాక్స్ షాపులో పుట్టే తొలి రెజ్యూమే

గుంటూరు అరండల్‌పేటలో ఒక జిరాక్స్ షాపు. కంప్యూటర్ ముందు కూర్చున్న యజమాని తల ఎత్తకుండానే అడుగుతాడు: “డిగ్రీయా, బీటెక్కా, ఎంబీఏనా?” జవాబును బట్టి మూడు ఫైళ్లలో ఒకటి తెరుచుకుంటుంది. పాత పేరు చెరిపి కొత్త పేరు, పాత నంబరు చెరిపి కొత్త నంబరు, మార్కుల పట్టికలో కొత్త అంకెలు. పది నిమిషాల్లో రెజ్యూమే సిద్ధం. ఆ రోజు నాకంటే ముందు నిలుచున్న కుర్రాడు బీకాం ఆఖరి సంవత్సరం చదువుతున్నాడు. వచ్చే వారం కాలేజీకి ఏదో కంపెనీ వస్తోందట. కాగితం చేతికి వచ్చాక ఒకసారి చదువుకుని, మొహమాటపడుతూ అన్నాడు: “అన్నా, మా నాన్న పేరు ఇది కాదు.” యజమాని సరిచేసి ఇచ్చాడు. పుట్టిన తేదీ తనదో, ఆ ఫైలు తొలి హక్కుదారుదో కుర్రాడు చూసుకున్నట్టు లేదు.

నవ్వు వచ్చే మాట నిజమే. అయితే ఆ కాగితంలో పరాయిది తండ్రి పేరు ఒక్కటే కాదు. “సవాళ్లతో కూడిన వాతావరణంలో పనిచేస్తూ సంస్థతో పాటు ఎదగడం” అన్న లక్ష్యమూ ఎవరిదో. “కష్టపడే స్వభావం, త్వరగా నేర్చుకునే గుణం” అన్న బలాలూ ఎవరివో. తండ్రి పేరు ఒకరికే సరిపోతుంది కాబట్టి తప్పు దొరికింది. మిగతావి అందరికీ సరిపోతాయి కాబట్టి దొరకలేదు.

చిన్న సంస్థలకు సిబ్బందిని ఎంపిక చేసే పనిలో కొన్నేళ్లుగా విజయవాడ, గుంటూరు కాలేజీల రెజ్యూమేలు చదువుతున్నాను. పిల్లలు సోమరులై నకలు కొడుతున్నారని తొలి రోజుల్లో విసుక్కునేవాణ్ణి. ఇప్పుడు అలా అనుకోవడం లేదు. ఆ నమూనా ఎక్కడి నుంచి వచ్చిందో చూడండి. తండ్రి పేరు, పుట్టిన తేదీ, జాతీయత, వైవాహిక స్థితి, మాతృభాష. అడుగున “పై వివరాలన్నీ నాకు తెలిసినంతవరకు నిజమని ధ్రువీకరిస్తున్నాను”, ఎడమ పక్కన ఊరు, తేదీ, కుడి పక్కన సంతకం. ఇది ప్రభుత్వ దరఖాస్తు ఫారం. దానికి “అభిరుచులు: క్రికెట్, పాటలు వినడం” కలిపితే పెళ్లి బయోడేటా, గోత్రం ఒక్కటే తక్కువ. రెండు కాగితాలూ అడిగేది ఒకటే: నువ్వు ఎవరివి, ఎవరి బిడ్డవి? రెజ్యూమే చదివేవారికి కావలసింది వేరు: ఏం చేశావు, ఏం చేయగలవు?

ఈ తేడా పిల్లలకు ఎవరు చెప్పారు? స్కాలర్‌షిప్పు, హాస్టలు, కౌన్సెలింగ్, ఇలా బడి నుంచి వాళ్లు నింపినవన్నీ గడులున్న కాగితాలే. ఈఏపీసెట్ రాసినవారైతే 160 ప్రశ్నలకు ఎవరో ముందే రాసిపెట్టిన నాలుగేసి జవాబుల్లోంచి ఒకటి ఎంచుకుని ఇంజినీరింగ్‌కు వచ్చారు. జీవితంలో గడులు లేని తొలి కాగితం రెజ్యూమేయే. ఖాళీ కాగితం ముందు పెడితే ఎవరి గడులైనా అరువు తెచ్చుకోవాలనిపించడం సహజం.

ఆ కుర్రాణ్ణి పక్కనే ఉన్న టీ కొట్టుకు తీసుకువెళ్లి అడిగాను. సెలవుల్లో ఏం చేస్తుంటావు? “ఏమీ చేయను సార్.” మిర్చి సీజనులో? కాస్త ఆగాడు. “మా మామయ్య యార్డు దగ్గర కమిషన్ కొట్టులో గుమాస్తా సార్. అక్కడికి వెళ్తుంటాను.” వెళ్లి? “తూకాలు రాస్తాను. రైతులకు పట్టీలు వేస్తాను. కమిషన్, హమాలీ తీసేసి చేతికి ఎంత వస్తుందో లెక్క చెబుతాను. రాత్రికి చిట్టాతో సరిపోల్చుకోవాలి. తేడా వస్తే మామయ్య ఇంటికి పోనివ్వడు.” ఎన్నేళ్ల నుంచి? “ఇంటర్ నుంచి సార్. నాలుగు సీజన్లు.”

నాలుగు సీజన్లు నిజమైన ఖాతాలు రాసిన బీకాం విద్యార్థి రెజ్యూమేలో ఉన్నది “నైపుణ్యాలు: టాలీ, ఎంఎస్ ఆఫీస్” అన్న ఒక్క వరుస. ఇది ఎందుకు రాయలేదు అంటే, “అది ఉద్యోగం కాదు కదా సార్” అన్నాడు.

నా దృష్టిలో తొలి రెజ్యూమేల సమస్య అంతా ఆ మాటలో ఉంది. నైపుణ్యం లేకపోవడం కంటే, ఉన్నదాన్ని పనిగా లెక్కించే అలవాటు లేకపోవడం మన పిల్లల్ని ఎక్కువ దెబ్బ తీస్తోంది. ఎదిగే వయసంతా మార్కులే లెక్కకు వచ్చాయి కనుక, మార్కులు రానిది ఏదీ పని కాదన్న భావన స్థిరపడింది. తన గొప్ప తాను చెప్పుకోకూడదన్న పెంపకం దానికి తోడు. ఇవి రెండూ పైకి కనిపించేవి. లోపల ఉన్నది సిగ్గు. ఇస్త్రీ బండి, టిఫిన్ సెంటరు, ఆటోనగర్ షెడ్డు, కౌలు పొలం: తల్లిదండ్రులు పిల్లల్ని కాలేజీకి పంపిందే ఆ పని వాళ్లు చేయకూడదని. అమ్మ అప్పు చేసి ఫీజు కట్టింది ఏ పని తప్పించడానికో, ఆ పనినే ఉద్యోగం కోసం ఇచ్చే కాగితంలో రాస్తే ఆ చదువుకు అర్థమేమిటి అని వాళ్లకు అనిపిస్తుంది. ఇది తేలిగ్గా తీసిపారేసే సంకోచం కాదు. పెద్ద నగరాల్లో బంధువు కంపెనీలో నెల రోజులు కూర్చున్న కుర్రాడు దాన్ని ఇంటర్న్‌షిప్ అని ధీమాగా రాసుకుంటాడు. మామయ్య కొట్టులో నాలుగేళ్లు లెక్కలు రాసినవాడు దాచుకుంటాడు. ఇద్దరికీ పని ఇచ్చింది బంధువే.

విజయవాడలో ఇంకో అనుభవం. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్‌నగర్ నీట మునిగినప్పుడు, ఒక డిగ్రీ అమ్మాయి తన స్నేహితులతో కలిసి ఏ వీధిలో పసిపిల్లలున్నారు, ఎవరికి మందులు కావాలి అని ఫోన్లలో కనుక్కుని జాబితా రాసింది. ట్రాక్టర్ల మీద సరుకు తీసుకుపోయేవారికి దాన్ని పూటపూటకూ సరిచేసి ఇచ్చింది. ఆమె రెజ్యూమేలో ఉన్నది “నాయకత్వ లక్షణాలు” అన్న రెండు మాటలే. వరద ఊసు లేదు. అడిగితే, “అందరూ చేశారు కదా సార్” అంది. ఎన్ఎస్ఎస్ మాటా ఇంతే. రెండేళ్లలో 240 గంటల సేవ, ఏడు రోజుల ప్రత్యేక శిబిరం ఉన్న పథకం అది. చివరికి కాగితం మీద “ఎన్ఎస్ఎస్ వాలంటీర్”గా మిగులుతుంది.

ఈ లోటు ప్రభుత్వం గుర్తించలేదని అనలేం. 2020-21లో డిగ్రీ పాఠ్యప్రణాళిక మార్చినప్పుడు రాష్ట్రంలో 10 నెలల ఇంటర్న్‌షిప్ తప్పనిసరి చేశారు. మొదటి ఏడాది తర్వాత రెండు నెలలు ఊళ్లలో సామాజిక సేవా ప్రాజెక్టు. ఆలోచన చక్కనిది, నేను దాన్ని ఇప్పటికీ సమర్థిస్తాను. కానీ నా బల్ల మీదికి వచ్చే రెజ్యూమేల్లో ఆ 10 నెలలు ఒక ధ్రువపత్రం పేరుగా మాత్రమే కనిపిస్తున్నాయి. ఏ ఊరు సర్వే చేశారు, ఎన్ని ఇళ్లు తిరిగారు, తాగునీరు ఎక్కడి నుంచి తెచ్చుకుంటున్నారు అని అడిగితే కొందరు నేల చూపులు చూస్తారు. కొందరు మాత్రం ఆపకుండా చెబుతారు. ఊరి చెరువు పేరుతో సహా చెబుతారు. ఈ రెండో రకం వాళ్ల రెజ్యూమే కూడా మొదటి రకం వాళ్లలాగే ఒక్క వరుసలో ఉండటమే నన్ను బాధపెట్టేది. డబ్బిచ్చి కొన్న ప్రాజెక్టుకూ, కాళ్లరిగేలా తిరిగి చేసినదానికీ కాగితం మీద తేడా లేదు.

తేడా ఎలా చూపాలో గుంటూరు వాళ్లకు వేరే చెప్పాలా? యార్డులో కొనేవాడు బస్తాలన్నీ కుమ్మరించి చూడడు. మూతి విప్పి గుప్పెడు కాయలు తీస్తాడు. రంగు చూస్తాడు, తేమ చూస్తాడు. ఆ మచ్చును బట్టే ధర. బస్తా మీద “మేలు రకం” అని రాసి ఉన్నంత మాత్రాన రూపాయి పెరగదు. “కష్టపడే స్వభావం” బస్తా మీది రాత. “సీజనులో రోజూ రైతుల పట్టీలు రాసి, రాత్రి చిట్టాతో సరిపోల్చాను” అన్నది మచ్చు. ఇక పైన ఎర్ర కాయ పేర్చి అడుగున తాలు కాయ నింపేవారి సంగతి. కొన్న ప్రాజెక్టు, రాని సాఫ్ట్‌వేర్ భాష ఆ కోవలోవే. ఒకసారి నెగ్గవచ్చు, తెలిసిన వ్యాపారి చెయ్యి మాత్రం బస్తాలో మోచేతి దాకా పోతుంది.

రూపం గురించి ఎక్కువ చెప్పను, దాని మీద ఇప్పటికే అవసరానికి మించి సలహాలున్నాయి. ఒక పేజీ చాలు. లాడర్స్ అనే అమెరికా ఉద్యోగాల సంస్థ 2018లో కళ్ల కదలికలు గమనించి, ఎంపిక చేసేవారు తొలి చూపులో ఒక రెజ్యూమే మీద నిలిచేది సగటున 7.4 సెకన్లే అని తేల్చింది. నేను ఇంకాస్త ఎక్కువసేపే చూస్తాననుకుంటాను. మే నెలలో కరెంటు పోయిన మధ్యాహ్నం సంగతి మాత్రం హామీ ఇవ్వలేను. పెద్ద కంపెనీల్లో మనిషికంటే ముందు సాఫ్ట్‌వేర్ చదువుతుంది కాబట్టి రెండు నిలువు వరుసలు, బొమ్మలు, రంగు పట్టీలు వద్దు. “పైథాన్ 80 శాతం” అని గీత గీసినవారిని, మిగిలిన 20 శాతంలో ఏముందని అడగాలనిపిస్తుంది. ఈమెయిల్ చిరునామాలో అభిమాన హీరో పేరు లేకపోతే మేలు.

భాష గురించి మాత్రం ఒక మాట. చాలామంది నేరుగా ఇంగ్లిష్‌లో మొదలుపెడతారు. అక్కడే పెద్ద పెద్ద నామవాచకాలు వచ్చి చేరతాయి. ముందు తెలుగులో రాయమంటాను. “రాశాను, సరిచూశాను, కనిపెట్టాను, ఒప్పించాను.” తెలుగు క్రియలో “నేను” ఇమిడిపోయి ఉంటుంది, విడిగా రాయనక్కర లేదు. గొప్పలు చెప్పుకోవడానికి మొహమాటపడేవారికి ఇంతకంటే మర్యాదైన వాక్యం దొరకదు. క్రియ తేలాక ఇంగ్లిష్ చేయడం కష్టం కాదు. 2022 చివర్లో చాట్‌జీపీటీ వచ్చిన దగ్గర నుంచి ఆ పనికి సాయమూ ఉంది. కాకపోతే చాలామంది రెండో మెట్టు నుంచి మొదలుపెడుతున్నారు. తామేం చేశారో చెప్పకుండా రెజ్యూమే రాసి పెట్టమంటే, ఆ యంత్రం అరండల్‌పేట షాపు ఫైలునే ఇస్త్రీ చేసి ఇస్తుంది.

ఇంత చెప్పాక ఒక నిజం దాచకూడదు. పదో తరగతిలో, ఇంటర్‌లో, డిగ్రీలో 60 శాతం ఉండాలి, బ్యాక్‌లాగ్‌లు ఉండకూడదు అని గీత గీసే కంపెనీల దగ్గర, 58 శాతం వచ్చినవాడి రెజ్యూమే ఎంత నిజాయతీగా ఉన్నా ఎవరూ తెరవరు. ఆ గీతకు అవతల చిన్న సంస్థలున్నాయి, ఆడిటర్ల ఆఫీసులున్నాయి, గోదాములున్నాయి, ఎగుమతి వ్యాపారులున్నారు. మనిషే కాగితం చదివే చోట్లు అవి. మన పిల్లల్లో ఎక్కువమందికి తొలి ఉద్యోగం దొరికేదీ అక్కడేనని నా అనుభవం. క్యాంపస్‌కు వచ్చే కంపెనీ కోసం తయారైన నమూనానే అక్కడికీ పట్టుకుపోవడం వల్ల రెండు చోట్లా నష్టపోతున్నారు.

బీకాం కుర్రాడు నాలుగు రోజుల తర్వాత ఫోన్ చేశాడు. రాశాడట, ప్రింటుకు వెళ్తున్నాడట. నేనూ వెళ్లాను. కమిషన్ కొట్టు, పట్టీలు, చిట్టా, నాలుగు సీజన్లు, అన్నీ ఉన్నాయి. ఒకచోట తూకంలో తేడా ఎలా పట్టుకున్నాడో రెండు వరుసలు రాశాడు. అది నాకు కూడా చెప్పలేదు. వైవాహిక స్థితి తీసేశాడు. తండ్రి పేరు మాత్రం ఉంచాడు, ఈసారి సొంత తండ్రిదే.

షాపు యజమాని ప్రింటు తీస్తూ మొదటిసారి తెర మీద అక్షరాలు నిదానంగా చదివాడు. “బాగుంది తమ్ముడూ,” అన్నాడు. “ఒక కాపీ మా కంప్యూటర్లో ఉంచుకుంటాను. రేపు వచ్చే బీకాం వాళ్లకు పనికొస్తుంది.”