శనివారం ఎనిమిదో పీరియడులో ఆత్మవిశ్వాసం

మన కార్పొరేట్ బడులు పిల్లల ఆత్మవిశ్వాసాన్ని పట్టించుకోవనే అపవాదు చాలాకాలంగా ఉంది. అది శుద్ధ అబద్ధం. మావాడు 9వ తరగతి చదివే బడిలో దానికి టైమ్‌టేబుల్‌లోనే చోటిచ్చారు: శనివారం ఎనిమిదో పీరియడు, 40 నిమిషాలు. మైదానం ఎటూ లేదు కనుక ఆటల పీరియడును ఇందుకు వాడుకున్నారు.

ఆ 40 నిమిషాల కోసం వారమంతా జరిగే ఏర్పాట్లు చూస్తే యాజమాన్యపు దూరదృష్టికి చేతులెత్తి మొక్కాలనిపిస్తుంది. సోమవారం ఉదయం వారాంతపు పరీక్ష మార్కులను అడుగు నుంచి పైకి చదువుతారు. మొదట వినిపించే పేరు ఎవరిదో తరగతిలో అందరికీ తెలుసు. అయినా మాస్టారు ఒక్క క్షణం ఆగి, కళ్లజోడు సవరించుకుని, ఆ పేరును ఇంటిపేరుతో సహా పలుకుతారు. ఆ మధ్యాహ్నమే మార్కులను బట్టి సెక్షన్లు మారతాయి. సంచీ, నీళ్ల సీసా, టిఫిన్ డబ్బా మోసుకుంటూ వరండా పొడవునా నడిచివెళ్లే కుర్రవాణ్ణి అన్ని కిటికీల నుంచీ చూస్తారు. మిగతా రోజుల్లో తల్లిదండ్రుల ఫోన్లకు ర్యాంకులు పంపడం, ఫీజు బాకీ ఉన్నవాళ్లను నిలబెట్టడం వంటి చిల్లర పనులుంటాయి. ఇలా ఐదు రోజులు శ్రమించి పిల్లల్లోని పాత ఆత్మవిశ్వాసాన్ని అడుగంటా ఊడ్చేస్తారు. గాదె ఖాళీ చేయకుండా కొత్త ధాన్యం ఎవరైనా పోస్తారా?

శనివారం వ్యక్తిత్వ వికాస నిపుణులొకరు కోటు వేసుకుని వచ్చి, ‘నేను సాధించగలను’ అని పిల్లలచేత మూడుసార్లు అరిపిస్తారు. గొంతు తగ్గిన వరుసను నిలబెట్టి విడిగా అరిపిస్తారు. ఈ అరుపు ఇంగ్లీషులోనే సాగాలి, ఎందుకంటే తెలుగులో సాధించడానికి ఆ బడిలో అనుమతి లేదు. ఈ విషయంలో మనకు ఘనమైన సంప్రదాయమే ఉంది. కడప జిల్లా మైదుకూరులోని ఒక బడిలో, తెలుగులో మాట్లాడిన నేరానికి, ఇక ఆ భాష మాట్లాడనని రాసిన పలకలను పిల్లల మెడలో వేలాడదీసింది 2009లో. విద్యాహక్కు చట్టం వచ్చిందీ ఆ ఏడాదే. పిల్లలను కొట్టరాదని, మానసికంగా వేధించరాదని దాని 17వ సెక్షను చెబుతుంది. అయితే ఆ చట్టం లెక్కలో పిల్లలంటే 6 నుంచి 14 ఏళ్లవారే. అంటే గొంతు బొంగురుపోయి, మొటిమలు లేచి, అద్దంలో కనిపించేది తానో కాదో తేల్చుకోలేని వయసులోకి పిల్లవాడు అడుగుపెట్టగానే, ఆ చట్టం మర్యాదగా పక్కకు తప్పుకుంటుంది. వేధింపును తట్టుకునే శక్తి పద్నాలుగో పుట్టినరోజు కేకుతోపాటే లభిస్తుందని పెద్దలు భావించి ఉండాలి.

విశాఖపట్నంలో నీట్ శిక్షణ పొందుతున్న ఒక విద్యార్థిని మరణించిన కేసులో, మార్కులను బట్టి పిల్లలను బ్యాచ్‌లుగా విడదీయరాదని, నలుగురిలో అవమానించరాదని 2025 జూలైలో సుప్రీంకోర్టు నిర్దేశించింది. ఆ మాట చెప్పించుకోవడానికి ఒక ప్రాణం పోవలసివచ్చింది. దానిమీద హాస్యమాడేంత తెగువ నాకు లేదు. మా బడి మాత్రం వెంటనే స్పందించింది. ఏ, బీ, సీ సెక్షన్లను రద్దుచేసి గంగ, గోదావరి, మూసీ అని పేర్లు పెట్టింది. ఏ నదిలో ఎవరున్నారో పిల్లలకు మొదటి గంట కొట్టేలోపే అర్థమైంది.

ఇంట్లో మేమూ చేతులు ముడుచుకుని కూర్చోలేదు. ఐదేళ్లప్పుడు చుట్టాలెవరు వచ్చినా, నిద్రపోతున్నవాణ్ణి లేపి మరీ, ‘మామయ్యకు రైమ్ చెప్పు నాన్నా’ అన్నాం. ఇప్పుడు వాడు ఏదైనా చెప్పబోతే, ‘పెద్దవాళ్లు మాట్లాడుకుంటుంటే మధ్యలో నీకేం పనిరా’ అంటున్నాం. వాడు నలుగురిలో నోరు విప్పడం లేదని తల్లిదండ్రుల సమావేశంలో ఫిర్యాదు చేసినవాణ్ణీ నేనే.

నా ఫిర్యాదు ఫలించింది. పోయిన శనివారం ఆ నిపుణులు, సందేహాలుంటే భయపడకుండా అడగమన్నారట. మావాడు లేచి నిలబడి, ‘సార్, సోమవారం మార్కులు చదివేటప్పుడు కూడా ఇలాగే అరవమంటారా?’ అని అడిగాడట, అదీ తెలుగులో. సాయంత్రం డైరీలో ఎర్ర సిరాతో ఒక వాక్యం వచ్చింది: ‘ఎదురు ప్రశ్నలు వేస్తున్నాడు, మందలించగలరు.’ దాని కింద తండ్రి సంతకానికి గీత ముందే అచ్చువేసి ఉంది. వాడు పెన్ను మూత తీసి నా చేతికిచ్చాడు. సంతకం చేశాను.