నడుములో నాలా కబ్జా

చెరువుల ఎఫ్‌టీఎల్ (నిండు చెరువు నీటి హద్దు) గురించి, నాలాల బఫర్ జోన్ల గురించి హైదరాబాద్‌లో ఇప్పుడు టీకొట్టు దగ్గర కూడా సాధికారికంగా మాట్లాడుతున్నారు. 2024 జులైలో చెరువుల, నాలాల కబ్జాలు కూల్చే హైడ్రా సంస్థ పుట్టిన దగ్గర్నుంచి ఊళ్లో ప్రతి ఒక్కడూ సగం సర్వేయరే. సంతోషం. అయితే అంతకన్నా పెద్ద కబ్జా ఒకటి నగరవాసుల నడుముల్లో, పట్టపగలు, ఏ అనుమతీ లేకుండా సాగిపోతోందని, దాని మీద ఇంతవరకు ఒక్క అఖిలపక్ష సమావేశమైనా జరగలేదని ఈ వ్యాసకర్త తీవ్ర ఆవేదనతో ప్రభుత్వం దృష్టికి తెస్తున్నాడు.

ముందు స్థల వివరాలు. మెడ నుంచి నడుము అడుగు దాకా వెన్నుపూసల మధ్య 23 డిస్కులుంటాయి. ఒక్కో డిస్కుకీ బయట గట్టి పొరల చుట్టు, లోపల జిగురుగా గుజ్జు. ఆ గుజ్జులో ఎక్కువ భాగం నీరే. పెద్దయ్యాక దాని లోపలికి రక్తనాళాలు వెళ్లవు. పైనా కిందా ఉన్న పూసల నుంచి ఊరి వచ్చేదే దానికి తిండి. వయసు మీదపడే కొద్దీ ఆ ఊట తగ్గుతుంది, గుజ్జు ఎండుతుంది, డిస్కు కుంగుతుంది, చుట్టూ ఉన్న పొర బయటికి ఉబ్బుతుంది. ఆ వెనకాలే నరాలు పోయే కాలువ. నీళ్లింకిన చోట కబ్జా మొదలవడం మన ఊరికి కొత్తేమీ కాదు కనక ఇందులో ఎవరూ ఆశ్చర్యపోవాల్సింది లేదు. ఎక్కువ ఫిర్యాదులు వచ్చేది అట్టడుగున ఉన్న రెండు సర్వే నంబర్ల నుంచే: ఎల్4-ఎల్5 (నడుములో నాలుగో, ఐదో పూసల మధ్యది), ఎల్5-ఎస్1 (ఐదో పూసకీ దాని కింది త్రికాస్థికీ మధ్యది).

తప్పెవరిది అని అడగండి, నగరమంతా ముక్తకంఠంతో రోడ్లని చూపిస్తుంది. కానీ ఫిన్లాండ్‌లో కొందరు పనిగట్టుకుని 45 జతల ఏకరూప కవలల్ని వెతికారు. ప్రతి జతలో ఒకడు బతుకంతా బండి నడిపినవాడు, రెండోవాడు అంతగా స్టీరింగ్ పట్టనివాడు. ఇద్దరి డిస్కులూ పోల్చి చూస్తే డ్రైవింగ్ వల్ల చెప్పుకోదగ్గ తేడా ఏమీ కనపడలేదని 2002లో లాన్సెట్ పత్రికలో రాశారు. డిస్కు అరుగుదలలో వంశం వాటాయే పెద్దదని అక్కడి కవలల మీద జరిగిన పరిశోధనలు చెబుతున్నాయి. ఈ ఫలితాన్ని ఈ వ్యాసకర్త శాస్త్రీయంగా గౌరవిస్తూ, పౌరుడిగా తిరస్కరిస్తున్నాడు. ఫ్లైఓవర్ పిల్లర్లు ఏళ్ల తరబడి ఆకాశం వంక చూస్తూ నిలబడ్డ ఉప్పల్–నారపల్లి దారిలో ఆ కవలల్లో ఒక్కణ్నయినా షేర్ ఆటో వెనక సీట్లో కూర్చోబెట్టారా? పైగా వంశం అంటే చనిపోయిన తాతగారిని నిందించాలి. రోడ్డయితే ఎవరో ఒక ఎమ్మెల్యే దొరుకుతాడు.

ఇక నోటీసు సంగతి. మన దగ్గర దాన్ని ఎంఆర్ఐ రిపోర్టు అంటారు. అమీర్‌పేటలో తీయించినా దిల్‌సుఖ్‌నగర్‌లో తీయించినా భాష ఒకటే: డెసికేషన్ (ఎండడం), డిఫ్యూజ్ బల్జ్ (చుట్టూ ఉబ్బడం), ఇండెంటింగ్ ద థీకల్ శాక్ (నరాల సంచిని నొక్కడం), చివర్లో డీజనరేటివ్ ఛేంజెస్ (అరుగుదల). రోగి ఇందులో మొదటి మూడూ వదిలేసి నాలుగోది పట్టుకుంటాడు. పొద్దున లిఫ్టు పాడైతే నాలుగంతస్తులు ఎక్కినవాడు సాయంత్రానికి మంచినీళ్ల గ్లాసు కూడా ఇంకొకరు అందించాలంటాడు.

నా రిపోర్టును మొట్టమొదట అధికారికంగా పరిశీలించినది మా మామగారి స్నేహితుడు. నీటిపారుదల శాఖలో ఇంజనీరుగా చేసి రిటైరయ్యారు. ఫిల్మును బాల్కనీలోకి తీసుకెళ్లి, ఎండకు ఎత్తి పట్టి, కళ్లజోడు నుదుటి మీదికి నెట్టి, కాలువను పైనుంచి కిందిదాకా చూపుడువేలితో కొలిచారు. కింద ఎక్కడో వేలు ఆగింది.

"అల్లుడుగారూ, ఇక్కడ సెక్షన్ తగ్గిపోయిందండీ. ఇట్లా అయితే టెయిల్ ఎండ్‌కి నీళ్లందవు."

"ఏం చేద్దామంటారు?"

"పూడిక తీయించాలి. లేటు చేస్తే ఎస్టిమేట్లు పెరుగుతాయి."

ఆ తర్వాత నేను కలిసిన చాలామంది చెప్పినది ఇదే, ఇంత శాస్త్రీయమైన పరిభాష మాత్రం వాడలేదు.

నోటీసు ఎంత మందికి ఇవ్వాల్సి వస్తుందో చూద్దాం. నడుంనొప్పి అసలే లేని 3,110 మంది స్కాన్ల వివరాలు వివిధ పరిశోధనల నుంచి పోగేసి 2015లో లెక్క తేల్చారు. 20 ఏళ్లవాళ్లలోనే 37 శాతం మందికి డిస్కు అరుగుదల ఉంది. 50 ఏళ్లకు 80 శాతం. 80 ఏళ్లకు 96 శాతం. మళ్లీ చెబుతున్నాను, వీళ్లెవరికీ నొప్పి లేదు. ఈ లెక్కన కేబీఆర్ పార్కులో పొద్దున్నే చేతులూపుకుంటూ మనల్ని దాటిపోయే పెద్దమనుషుల్ని వరుసగా స్కాన్‌లో పెడితే ఐదుగురిలో నలుగురు కబ్జాదారులే. వాళ్లకా సంగతి తెలియదు కనక హాయిగా నడుస్తున్నారు.

ఆక్రమణదారుల సంఖ్య ఓటర్ల సంఖ్యను అందుకున్నప్పుడు ప్రభుత్వాలు ఏం చేస్తాయో మనకు తెలుసు. అనుమతి లేని లేఅవుట్లను క్రమబద్ధీకరించేందుకు ఎల్ఆర్ఎస్ ఇచ్చారు, కట్టడాలకు బీఆర్ఎస్ ఇచ్చారు (పార్టీ కాదు, స్కీము). నడుములకు మాత్రం ఎందుకివ్వరు? కాల్లో తిమ్మిరి లేదు, బలం తగ్గలేదు, నొప్పి వచ్చిపోతోంది అంతే అన్నవాళ్ల రిపోర్టు మీద "క్రమబద్ధీకరించడమైనది" అని ముద్ర కొట్టి ఇంటికి పంపేస్తే సగం టెన్షన్ పోతుంది. ఇది ఉత్త హాస్యం కాదు. ఈ వయసులో నొప్పి లేనివాళ్లలో కూడా ఇవి మామూలే అని రిపోర్టు అడుగున ఒక ముక్క చేర్చి అమెరికాలో రెండు లక్షల పైచిలుకు రోగుల మీద నిజంగానే ప్రయత్నించారు. 2020లో ఫలితాలొచ్చాయి. ఆ తర్వాత జరిగే పరీక్షలు, వైద్యాలు మొత్తం మీద తగ్గలేదు. మత్తు కలిగించే నొప్పి మాత్రలు రాయడం మాత్రం కాస్త తగ్గింది. పెద్దక్షరాల్లో భయపెట్టి చిన్నక్షరాల్లో ఓదారిస్తే ఏమవుతుందో మన చిట్‌ఫండ్ ఒప్పందాలు చదివినవాళ్లకి వేరే చెప్పాలా.

అసలు తనిఖీ వేరే ఉంది, దానికి ఫిల్ము అక్కర్లేదు. నాకు చేసిన డాక్టరుగారు ముందు సాక్సులు విప్పమన్నారు. పడుకోబెట్టి మోకాలు వంగకుండా కాలు ఎత్తి, నొప్పి నడుములోనే ఆగిందా, పిక్క దాటి పాదంలోకి జారిందా అని అడిగారు. మడమ వెనక స్నాయువు మీద చిన్న సుత్తితో తట్టారు. తర్వాత కాలి బొటనవేలు పట్టుకుని, "దీన్ని మీ ముఖం వైపు లాగండి, నేను కిందికి నొక్కుతా, లొంగకండి" అన్నారు. ఎల్4-ఎల్5 దగ్గర కబ్జా నిజంగా ఇబ్బంది పెడుతుంటే సాధారణంగా నలిగేది ఎల్5 నరం, ఆ నరం చెప్పుచేతల్లో ఉండేదే బొటనవేలు. వేలు గట్టిగా నిలబడితే కేసు సగం కొట్టేసినట్టే. ఎంఆర్ఐలోని ఇంత పెద్ద అయస్కాంతం చెప్పలేనిది ఆ వేలు చెబుతుంది, అదీ ఉచితంగా. అందుకే కాబోలు దానికి ఎవరూ బోర్డు పెట్టలేదు.

ఒక్క విషయంలో మాత్రం ఈ వ్యాసకర్త వ్యంగ్యం మానేస్తున్నాడు. మూత్రం, మలం మీద అదుపు తప్పినా, తొడల మధ్య, కూర్చునే చోట తిమ్మిరెక్కినా, పాదం వేలాడిపోయినా నోటీసు, విచారణ, బంధువుల అభిప్రాయ సేకరణ ఏదీ వద్దు. అర్ధరాత్రయినా ఎమర్జెన్సీకి వెళ్లాలి. అక్కడ గంటలే లెక్క.

ఆ ప్రమాదం లేని మిగతావాళ్లకి మార్గాలు చాలా ఉన్నాయి, చెప్పేవాళ్లు ఇంకా ఉన్నారు. మంచం దిగొద్దని అత్తగారు. అయితే రెండు రోజుల విశ్రాంతికీ ఏడు రోజుల విశ్రాంతికీ ఫలితంలో తేడా లేదని 1986లోనే తేలింది, మంచం పట్టినకొద్దీ ఆఫీసులో సెలవులే తగ్గుతాయి. మెడికల్ షాపతను "ఈ గోలీ గట్టిగ పనిచేస్తది సార్, గ్యాస్‌ది కలిపి ఇస్తున్నా" అంటాడు. నొప్పి మాత్ర నాలుగు రోజులకు సరే, నెలల తరబడి అయితే కడుపూ కిడ్నీలూ తమ వంతు అర్జీలు పెట్టుకుంటాయి. పుత్తూరు కట్టు కట్టించుకోమని లిఫ్టులో కలిసిన ప్రతివాడూ చెబుతాడు. ఆ కట్టు విరిగిన ఎముకకు కదా, ఇక్కడ విరిగిందేమీ లేదు కదా అంటే, "ఒకసారి చూస్తే పోయేదేముంది" అంటాడు. తెలుగునాట వైద్యశాస్త్రం మొత్తం ఈ ఒక్క వాక్యం మీద నడుస్తోంది.

వెన్నులో ఇచ్చే స్టెరాయిడ్ ఇంజెక్షన్ కోర్టు స్టే లాంటిది. కాల్లోకి లాగే నొప్పికి కొన్నాళ్లు ఊరట ఇస్తుంది, ఆలోపు కాలు కదిపి వ్యాయామం మొదలుపెట్టే వీలు దొరుకుతుంది. కబ్జా ఎక్కడిదక్కడే. ఉత్త నడుంనొప్పికి దాంతో పెద్దగా ఒరిగేది లేదు.

కూల్చివేతకు, అంటే నరాన్ని నొక్కే డిస్కు ముక్కను తీసేసే డిస్కెక్టమీకి, న్యాయమైన సందర్భాలున్నాయి. కాల్లో నొప్పి వారాల తరబడి తగ్గక, స్కానూ బొటనవేలూ ఒకే మాట చెబుతున్నప్పుడు అది త్వరగా ఉపశమనం ఇస్తుంది. నెదర్లాండ్స్‌లో సయాటికా (నడుము నుంచి కాల్లోకి లాగే నరం నొప్పి) ఉన్న 283 మందిని రెండుగా విడదీసి సగం మందికి తొందరగా ఆపరేషన్ చేశారు, మిగతావాళ్లని ఆగమన్నారు. 2007లో ఏం తేలిందంటే, తొందరగా చేయించుకున్నవాళ్లు ముందు కోలుకున్నారు, ఏడాది తిరిగేసరికి ఇద్దరూ ఒక్కటే. అయితే ఆగమన్నవాళ్లలో 39 శాతం మంది ఆగలేక మధ్యలో ఆపరేషన్‌కే వెళ్లారు. నొప్పి భరించేది వాళ్లు కనక వాళ్లని తప్పుపట్టే హక్కు పత్రికలో వ్యాసాలు రాసేవాళ్లకి లేదు.

ఫ్యూజన్ సంగతి వేరు. రెండు పూసల్నీ రాడ్లతో, స్క్రూలతో కలిపేయడం, పాలనాభాషలో విలీనం. 2007లో 12 మున్సిపాలిటీల్నీ 8 పంచాయతీల్నీ కలిపి జీహెచ్‌ఎంసీ చేసిన ఊరివాళ్లం, విలీనాల గురించి మనకెవరూ పాఠాలు చెప్పక్కర్లేదు. పూస జారిపోయినా, విరిగినా అది అవసరం పడొచ్చు. కానీ అరిగిన డిస్కు, దీర్ఘకాలపు నడుంనొప్పి మాత్రమే ఉన్నవాళ్ల మీద 2003లో నార్వేలో పోల్చి చూస్తే, ఫ్యూజన్ చేయించుకున్నవాళ్లూ, భయం పోగొట్టే పాఠాలతో పాటు వ్యాయామం చేసినవాళ్లూ ఏడాది తర్వాత దాదాపు ఒకేలా ఉన్నారు. పైగా కలిపేసిన చోట కదలిక ఉండదు, ఆ బరువంతా పక్క వార్డు మీద పడుతుంది. కొన్నేళ్లకు ఆ పక్క వార్డు కూడా విలీనానికి దరఖాస్తు పెట్టుకున్న సందర్భాలున్నాయి.

అన్నిటికన్నా అనుమానాస్పదమైనది చివరి మార్గం. కొత్తగా పట్టేసిన నడుము చాలామందికి కొన్ని వారాల్లో దానంతటదే సర్దుకుంటుంది. పొర చీల్చుకుని కాలువలోకి వచ్చిపడిన గుజ్జును ఒంట్లోని రక్షక కణాలే నమిలేస్తాయి. విచిత్రమేమిటంటే కొద్దిగా ఉబ్బి కూర్చున్నదాని కంటే పూర్తిగా బయటపడ్డదే ఎక్కువగా కరుగుతుంది. కబ్జాదారు తనంతట తానే ఖాళీ చేసి వెళ్లిపోవడం హైదరాబాద్ చరిత్రలో ఎక్కడా నమోదు కాలేదు కాబట్టి ప్రజలు దీన్ని నమ్మకపోవడంలో వింత లేదు. అందరిదీ కరుగుతుందని కాదు, కరిగినా నొప్పి తిరిగి రాదని కాదు. ఈలోగా చేయాల్సిందల్లా నడవడం, నడుముకూ పొట్టకూ బలమిచ్చే నాలుగు వ్యాయామాలు, గంటల తరబడి ఒకే కుర్చీకి అంటుకుపోకపోవడం. మా కాలనీ ఫిజియోథెరపీ అమ్మాయి "అంకుల్, రెండు పూటలా చేయాలి, యూట్యూబ్‌లో చూసి కొత్తవి కలపొద్దు" అని చెప్పి పంపిస్తుంది. దీనికి శంకుస్థాపన లేదు, రిబ్బన్ కటింగ్ లేదు, హోర్డింగ్ మీద నవ్వుతూ చేతులు కట్టుకున్న ఫొటో లేదు. పడుకుని నడుము పైకి ఎత్తి పట్టుకుని పది లెక్కపెట్టడాన్ని ఏ మంత్రి వచ్చి ప్రారంభిస్తాడు?

ఇంట్లో ఆరోగ్య బీమా ఉంది కదా, కనీసం ఈ ఫిజియోథెరపీ ఖర్చయినా అడుగుదామని కస్టమర్ కేర్‌కి ఫోన్ చేశాను. ఫ్యూజన్ అయితే రూములతో, రాడ్లతో సహా క్యాష్‌లెస్ అని పాలసీలో స్పష్టంగానే ఉంది. ఆ అమ్మాయి చాలా మర్యాదగా అడిగింది.

"సార్, ఆసుపత్రిలో అడ్మిట్ అయ్యారా?"

"లేదమ్మా, నడుస్తున్నాను."

"నడిస్తే క్లెయిమ్ రాదు సార్. నడవలేకపోతే వెంటనే కాల్ చేయండి, మీ రిక్వెస్ట్ ఓపెన్‌లోనే ఉంచుతున్నాను."