ల్యాబ్‌కు తిరిగి వచ్చే దారి మూడేళ్లకే ఎందుకు ఆగిపోతోంది?

బెంగళూరు మారతహళ్లిలో మాకు తెలిసిన తెలుగు కుటుంబాల్లో ఒకావిడ వృక్షశాస్త్రంలో పీహెచ్‌డీ చేశారు. వానలు మొహం చాటేసిన రోజుల్లో రాగి మొక్క వేరు ఎలా నిలదొక్కుకుంటుందన్నది ఆవిడ పరిశోధన. కాన్పుకు గుంటూరులోని పుట్టింటికి వెళ్లినప్పుడు ఆరు నెలల్లో ల్యాబ్‌కు తిరిగి వచ్చేస్తాననే అనుకున్నారు. పాపకు రెండేళ్లు నిండకముందే మామగారికి పక్షవాతం వచ్చింది. చూసుకోవడానికి ఇంట్లో ఒక మనిషి ఉండక తప్పలేదు, ఆ మనిషి ఎవరన్న చర్చ కూడా ఇంట్లో రాలేదు. అలా ఆరేళ్లు గడిచాయి. మళ్లీ పరిశోధనలోకి వెళ్తానన్నప్పుడు ఎవరూ కాదనలేదు గానీ, అత్తగారు మాత్రం, "ఇంత చదువు చదివావు, పాప బడిలోనే టీచరుగా చేరితే ఇద్దరూ ఒకేసారి ఇంటికొస్తారు కదమ్మా" అన్నారట. ఆ మాటలో కోడలి మీద ప్రేమే ఉంది. అయితే ఇరవై ఏళ్లకు పైగా చదివిన చదువును ఏ గూటిలో సర్దాలో మన ఇళ్లు ఎంత తేలిగ్గా తేల్చేస్తాయో కూడా ఆ మాటలోనే ఉంది.

ఆవిడ కథ ఒక్క ఇంటిది కాదు. 2021-22 నాటి అఖిల భారత ఉన్నత విద్యా సర్వే ప్రకారం డిగ్రీ నుంచి పీహెచ్‌డీ దాకా సైన్స్ చదువుతున్నవారు 57.2 లక్షల మంది. వారిలో అమ్మాయిలు 29.8 లక్షలు, అబ్బాయిలు 27.4 లక్షలు. అంటే సైన్స్ తరగతి గదిలో అమ్మాయిలదే పైచేయి. 2018 నాటి లెక్కల్లో పరిశోధన, అభివృద్ధి రంగంలో నేరుగా పనిచేస్తున్నవారిలో మహిళలు 16.6 శాతమే. ఈ రెండు అంకెలను పక్కపక్కన పెట్టి తేడా అంతా మధ్యలో మానేసినవారిదేనని చెప్పడం సరికాదు. మొదటి అంకెలో ఎక్కువమంది డిగ్రీ విద్యార్థులే, రెండో అంకెలో పాత తరాలవారూ ఉన్నారు. ఆ మినహాయింపు ఇచ్చిన తర్వాత కూడా మిగిలే ఖాళీ చిన్నది కాదు.

ఆ ఖాళీకి కారణం ఏమిటని అడిగితే పెళ్లి, పిల్లలు, సంసారం అన్న జవాబు వెంటనే వస్తుంది. ఆ జవాబును బెంగళూరులోనే ఉన్న రెండు సంస్థలు, భారతీయ విజ్ఞాన అకాడమీ, జాతీయ ఉన్నత అధ్యయన సంస్థ కలిసి పరీక్షకు పెట్టాయి. బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థ (ఐఐఎస్సీ) భౌతిక శాస్త్రవేత్త రోహిణీ గోడ్‌బోలే కూడా పాలుపంచుకున్న ఆ అధ్యయనం 2010లో వెలువడింది. పీహెచ్‌డీ చేసిన 500 మందికి పైగా మహిళలను అడిగి చూస్తే, పరిశోధనకు దూరమైనవారు తమ కారణాల్లో ఇంటి బాధ్యతలకంటే తగిన ఉద్యోగం దొరక్కపోవడాన్నే ముందు చెప్పారు. పదిహేనేళ్లు దాటిన ఆ మాటను మన విధాన రూపకర్తలు ఇప్పటికీ పూర్తిగా చెవిన పెట్టలేదని నా అభిప్రాయం. ఇల్లు ఆపిన కాలం ఒకటి ఉంటుంది, అది ఎప్పుడో ఒకప్పుడు ముగుస్తుంది. ఆ తర్వాత ఆమెను ఆపుతున్నది ఇల్లు కాదు.

ప్రభుత్వం ఏమీ చేయలేదనడం అన్యాయం. కేంద్ర శాస్త్ర, సాంకేతిక విభాగం 2002-03లోనే మహిళా శాస్త్రవేత్తల పథకాన్ని మొదలుపెట్టింది. ఇంటి కారణాలతో చదువుకూ పరిశోధనకూ విరామం వచ్చిన మహిళలు సొంతంగా ఒక ప్రాజెక్టు రాసుకుని, ఏదైనా సంస్థ ఆశ్రయంతో మూడేళ్లు పని చేసుకునే వీలు దానితో వచ్చింది. వయసు 27 నుంచి 57 ఏళ్ల దాకా ఉన్నవారిని అర్హులుగా గుర్తించారు. ల్యాబ్‌కు రాలేనివారి కోసం అదే పథకంలో మేధోసంపత్తి హక్కుల శిక్షణ పెట్టారు. అలా శిక్షణ పొందినవారిలో ఎందరో పేటెంట్ నిపుణులుగా స్థిరపడ్డారు, నా దృష్టిలో అన్నిటికంటే సూటిగా ఫలితమిచ్చిన భాగం అదే. 2011లో జీవసాంకేతిక విభాగం బయోకేర్ పేరుతో మరో పథకం తెచ్చింది. భర్త బదిలీ వల్లో, పెద్దల అనారోగ్యం వల్లో ఊరు మారవలసి వచ్చిన మహిళా శాస్త్రవేత్తలకు కొత్త ఊళ్లో తాత్కాలికంగా పని కల్పించే మొబిలిటీ పథకమూ వచ్చింది. ఇప్పుడు వీటిలో చాలావాటిని వైజ్-కిరణ్ అన్న ఒకే గొడుగు కిందికి తెచ్చారు.

ఇన్ని ఉండీ చిక్కు ఎక్కడుంది? మారతహళ్లి శాస్త్రవేత్తకు ఇలాంటి ఫెలోషిప్పే వచ్చింది. నగరం ఉత్తరాన బళ్లారి రోడ్డు వైపు ఉన్న ఒక సంస్థలో చోటు దొరికింది, ఔటర్ రింగ్ రోడ్డు ట్రాఫిక్‌లో రానూ పోనూ రోజుకు మూడు గంటలు. ఆవిడ ఆ ప్రయాణం గురించి పెద్దగా బాధపడలేదు. బాధంతా రుతువుల లెక్క గురించే. పొలంలో, వాన నీటి మీద రాగి మొక్కను పరీక్షించాలంటే ఏడాదికి ఒక్క ఖరీఫే దొరుకుతుంది. మూడేళ్ల ఫెలోషిప్ అంటే మూడు ఖరీఫ్‌లు. మంజూరు పత్రం చేతికొచ్చి, మొదటి విడత డబ్బు సంస్థ ఖాతాలో పడి, కొనుగోలు కమిటీ సంతకాలు పూర్తయ్యి, రసాయనాలు వచ్చేసరికి మొదటి ఖరీఫ్ దాటిపోయింది. రెండో ఖరీఫ్‌లో ప్రయోగం నిలబడింది. మూడో ఖరీఫ్‌లో దాన్నే మళ్లీ చేసి ఫలితం నిజమో కాదో తేల్చుకోవాలి, పంట ఒక ఏడాది వానను బట్టి చెప్పిన మాటను ఏ మంచి జర్నలూ అచ్చు వేయదు. ఆ విత్తనాలు ఎండి, లెక్కలు తేలి, వ్యాసం రాసి పంపేలోగా గడువు ముగుస్తుంది. అంటే విరామం వల్ల ఖాళీగా ఉన్న ప్రచురణల జాబితాను నింపడానికి ఇచ్చిన గడువు, ఆ జాబితాలో మొదటి వ్యాసం చేరకముందే అయిపోతుంది.

ఇక్కడే మన భాషలో కాదు గానీ, మన ప్రభుత్వ పత్రాల భాషలో ఒక మాట నన్ను ఆలోచింపజేస్తుంది. పునఃప్రవేశ ఫెలోషిప్ పేరుతో జీవసాంకేతిక విభాగం నడుపుతున్న పథకం ఒకటుంది. శ్రీకాకుళంలో పుట్టి, ఎయిమ్స్ డైరెక్టరుగా దేశమంతా పేరు పొందిన వైద్య శాస్త్రవేత్త వులిమిరి రామలింగస్వామి పేరు దానికి పెట్టారు. అది విదేశాల్లో పనిచేస్తున్న భారతీయ శాస్త్రవేత్తలు స్వదేశానికి తిరిగి రావడానికి, దాని గడువు ఐదేళ్లు. మంచి పథకం, ఉండవలసిందే. కానీ సముద్రాలు దాటి తిరిగి వచ్చినవారు కాళ్లూనుకోవడానికి ఐదేళ్లు కావాలని గ్రహించిన వ్యవస్థ, గడప దాటి తిరిగి వచ్చినవారికి మూడేళ్లు సరిపోతాయని ఏ లెక్కన అనుకుంది? విదేశం నుంచి వచ్చేవారి చేతిలో తాజా ప్రచురణలుంటాయి, సహకరించే పాత ల్యాబ్ ఉంటుంది, సిఫారసు లేఖ రాసే గురువు ఉంటాడు. ఇంటి నుంచి వచ్చేవారికి ఇవి మూడూ తెగిపోయి ఉంటాయి. ఎక్కువ గడువు అవసరమైనవారికే తక్కువ గడువు దక్కుతోంది.

ఇంతకంటే పెద్ద అడ్డంకి ఫెలోషిప్ ముగిసిన మర్నాడు ఎదురవుతుంది. 57 ఏళ్ల వయసులో కూడా ప్రాజెక్టు రాయవచ్చని ఒక ప్రభుత్వ కాగితం చెప్పింది. విమాన రంగంపై పనిచేసే బెంగళూరులోని ఎన్‌ఏఎల్, తోళ్ల పరిశోధన చేసే చెన్నైలోని సీఎల్‌ఆర్‌ఐ వంటి శాస్త్రీయ, పారిశ్రామిక పరిశోధన మండలి (సీఎస్‌ఐఆర్) ప్రయోగశాలల్లో సైంటిస్ట్ పోస్టుకు సాధారణ అభ్యర్థి గరిష్ఠ వయసు 32 ఏళ్లని మరో ప్రభుత్వ కాగితం చెబుతుంది. అసిస్టెంట్ ప్రొఫెసర్ పోస్టుకు పురుషులైతే 35, మహిళలైతే 38 ఏళ్లలోపువారికి ప్రాధాన్యమని కొన్ని ఐఐటీల ప్రకటనల్లో ఉంటుంది. ఆ మూడేళ్ల సడలింపు వెనుక సదుద్దేశమే ఉంది, కానీ అది ఒక కాన్పుకూ కొంత బాల్యానికీ సరిపోతుందేమో గానీ, ఇద్దరు పిల్లలు, మంచం పట్టిన ఒక పెద్దమనిషి ఉన్న ఇంటికి సరిపోదు. 28 ఏళ్లకు పీహెచ్‌డీ ముగించి, 30కి విరామం తీసుకుని, 36కి తిరిగి వచ్చి, 39కి ఫెలోషిప్ పూర్తిచేసిన మనిషికి ఈ రెండు కాగితాలను కలిపి చదివితే అర్థమయ్యేది ఒక్కటే, తనను వాకిలి దాకా పిలిచి లోపలికి రానివ్వడం లేదని. అప్పుడు ఆమె మరో ఫెలోషిప్ వెతుక్కుంటుంది, ఆ తర్వాత ఇంకొకటి.

దీనికి విరుగుడు ఎక్కడో లేదు, మన దేశంలోనే ఉంది. వెల్‌కమ్ ట్రస్ట్, జీవసాంకేతిక విభాగం కలిసి ఏర్పాటు చేసిన ఇండియా అలయన్స్ తన ఫెలోషిప్పులకు వయసును లెక్కలోకి తీసుకోదు. పీహెచ్‌డీ తర్వాత నిజంగా పరిశోధనలో గడిపిన ఏళ్లు ఎన్ని అన్నదే అక్కడి కొలబద్ద, విరామం తీసుకున్న కాలం ఆ లెక్కలోకి రాదు. యూరోపియన్ పరిశోధన మండలి కూడా ఒక్కో బిడ్డకు పద్దెనిమిది నెలల చొప్పున తల్లులకు అర్హత గడువు పొడిగిస్తుంది. వయసు బదులు పరిశోధన ఏళ్లను కొలిస్తే తిరిగి వచ్చినవారికి అదనంగా ఏమీ ఇచ్చినట్టు కాదు. ముప్పై తొమ్మిదేళ్ల మనిషి ఐదేళ్లలో చేసిన పనిని ముప్పై మూడేళ్ల మనిషి ఐదేళ్లలో చేసిన పనితో పోల్చడం అవుతుంది, అంతే.

గడువూ వయసూ అటుంచితే, విరామ కాలంలో ల్యాబ్‌తో కనీస సంబంధం మిగలకపోవడం మరో నష్టం. పాత సంస్థ ఇచ్చిన ఈమెయిల్ మూసేసిన రోజున లైబ్రరీ కూడా మూతపడుతుంది. తన రంగంలో ఏం జరుగుతోందో తెలుసుకోవాలంటే పాపను నిద్రపుచ్చాక ఫోన్‌లో వ్యాస సారాంశాలు చదువుకోవడమే దిక్కయిందని ఆవిడ చెప్పారు. ఆ ఆరేళ్లలో జన్యువులను సవరించే క్రిస్పర్ పద్ధతి మామూలు ల్యాబ్‌లకూ చేరింది, ఆర్‌ఎన్‌ఏ సమాచారాన్ని విశ్లేషించడానికి ఆర్, పైథాన్ వంటి ప్రోగ్రామింగ్ భాషలు తప్పనిసరయ్యాయి. కేంద్రం 2025 జనవరి నుంచి ఒకే దేశం ఒకే చందా పథకం కింద మూడేళ్లకు 6,000 కోట్ల రూపాయలతో సుమారు 13,000 జర్నల్స్‌ను ప్రభుత్వ విద్యా, పరిశోధన సంస్థల్లోనివారికి అందుబాటులోకి తెచ్చింది. విరామంలో ఉన్న పీహెచ్‌డీదారులకు వారు చదివిన విశ్వవిద్యాలయం ద్వారా అందులో ఒక లాగిన్ ఇస్తే అదనపు ఖర్చు పెద్దగా ఉండదు. బ్రిటన్‌లో భౌతిక శాస్త్రవేత్త డాఫ్నీ జాక్సన్ స్మృతిలో 1992 నుంచి నడుస్తున్న ఒక ట్రస్టు కనీసం రెండేళ్లు విరామం తీసుకున్న శాస్త్రవేత్తలకు సగం రోజు పని మీద ఫెలోషిప్ ఇస్తుంది, కొత్త పద్ధతుల్లో శిక్షణ అందులో తప్పనిసరి భాగం. అది పురుషులకూ వర్తిస్తుంది. తల్లిదండ్రుల కోసం ఉద్యోగం మానిన కొడుకులు మన దగ్గరా ఉన్నారు, వారిని పథకాలు గుర్తించాలి. అయినా ఆ భారం ఎక్కువగా కూతుళ్ల మీదా కోడళ్ల మీదా పడుతోందన్న నిజాన్ని దాచకూడదు.

ఆశ్రయమిచ్చే సంస్థల గురించి కూడా గట్టిగా మాట్లాడుకోవాలి. ఫెలోషిప్పుతో వచ్చిన శాస్త్రవేత్త కాగితం మీద ప్రాజెక్టుకు అధిపతి, ల్యాబ్‌లో మాత్రం ఇంకొకరి బల్ల మీద అతిథి. పీహెచ్‌డీ విద్యార్థులను తీసుకునే హక్కు ఉండదు, కాబట్టి చేతి కింద మనిషి ఉండరు. శాశ్వత ఉద్యోగిని అయిన కేంద్ర ప్రభుత్వ మహిళకు పిల్లల సంరక్షణ కోసం ఉద్యోగకాలంలో 730 రోజుల సెలవు ఉంది. అదే కారిడార్‌లో పనిచేసే ప్రాజెక్టు శాస్త్రవేత్తకు ఆ హక్కు లేదు. 2017లో సవరించిన ప్రసూతి ప్రయోజన చట్టం 50 మంది, అంతకు మించి ఉద్యోగులున్న సంస్థలకు శిశు సంరక్షణ కేంద్రం ఉండాలంది, ఆ కేంద్రంలో ఫెలోల పిల్లలకు కూడా చోటు దక్కేలా చూడాలి. తర్వాతి కాలంలో జీవరసాయన శాస్త్రవేత్తగా పేరొందిన కమలా సోహోనీని 1933లో ఆడపిల్ల అన్న కారణంతో వద్దన్న సి.వి. రామన్ ఆమె పట్టుదలకు తలొగ్గి, ఏడాది పరిశీలన షరతు మీద ఐఐఎస్సీలో చేర్చుకున్నారు. ఆ ఏడాది ముగిశాక ఆమె పనితీరును చూసి లోపలికి రానిచ్చారు. నేటి ఫెలోషిప్ కూడా ఒక రకమైన పరిశీలన కాలమే, కాకపోతే చివర్లో ఫలితం ప్రకటించేవారు ఎవరూ లేరు.

ఇలా అంటే ఒక న్యాయమైన ప్రశ్న వస్తుంది. విరామం లేకుండా పదేళ్లు పని చేసి కూడా ఉద్యోగం దొరకని యువ పీహెచ్‌డీలు వేలల్లో ఉండగా తిరిగి వచ్చినవారికి పోస్టులు ఎలా కేటాయిస్తారు? దేశ స్థూలోత్పత్తిలో పరిశోధనకు మనం పెడుతున్నది 2020-21 లెక్కల ప్రకారం 0.64 శాతమే. ఆ కొరతను ఎవరూ కాదనలేరు, ఈ వ్యాసంలో చెప్పినవేవీ దాన్ని తీర్చవు. అయితే నేను కోరుతున్నది వేరే వరుస కాదు, అదే వరుసలో నిలబడే అర్హత. ఒక శాస్త్రవేత్త తయారు కావడానికి ప్రజాధనం పదేళ్లకు పైగా ఖర్చవుతుంది. ఆ మనిషి పని చూడకుండా పుట్టిన తేదీ చూసి పక్కన పెట్టడం మనం భరించగలిగే నష్టం కాదు.

కొత్త పథకం ప్రకటించనక్కర్లేదు. ఉన్న ఫెలోషిప్పుల గడువును ఐదేళ్లు చేసి, నాలుగో ఏట బయటి నిపుణులతో పని సమీక్ష జరిపించి, మంచి పని చేసినవారిని ఆశ్రయమిచ్చిన సంస్థ ఖాళీ పోస్టుకు తప్పనిసరిగా పరిశీలించాలన్న ఒక్క నిబంధన చేర్చాలి. నిర్వహణ ఖర్చుల కింద సంస్థకు దక్కే ఓవర్‌హెడ్ సొమ్ములో కొంత భాగాన్ని ఆ సమీక్షతో ముడిపెడితే, ఫెలోను అతిథిగా చూడడం దానంతటదే తగ్గుతుంది. ఈ నిబంధనను కేంద్ర విభాగాలు తమ తదుపరి దరఖాస్తుల ప్రకటనలోనే చేర్చవచ్చు. వయసు ఉన్నచోట పరిశోధన ఏళ్లు అని రాయడమూ అదే ప్రకటనలో, అర్హతల పేరాలో జరగవలసిన మార్పు. మారతహళ్లి శాస్త్రవేత్త ఫెలోషిప్ వచ్చే మార్చితో ముగుస్తుంది. మూడో ఖరీఫ్ విత్తనాలు ఇప్పుడు ల్యాబ్‌లో ఆరుతున్నాయి.