మీ ఊరి వైనే తెచ్చాను!

మా గుంటూరులో 'వైన్స్' అని బోర్డు ఉన్న కొట్లో వైన్ తప్ప అన్నీ దొరుకుతాయి. ఆ బోర్డులు చూస్తూ పెరిగినవాణ్ణి కాబట్టి వైన్ అంటే ఒక దుకాణం అనే నా మనసులో పడిపోయింది. అది ద్రాక్షతో చేసే పదార్థమని, దాని గురించి మనుషులు గంటలకొద్దీ మాట్లాడుకుంటారని ఉద్యోగానికి ఇటలీ వచ్చాకే తెలిసింది.

ఫ్లోరెన్స్‌లో మా ఆఫీసు పెద్దాయన ఒక ఆదివారం మమ్మల్ని భోజనానికి పిలిచాడు. తన ఇంట్లో కాదు, అత్తగారింట్లో. వాళ్ళావిడ పుట్టిల్లు మోంటెపుల్చానో. టస్కనీలోనే సియెనా జిల్లాలో కొండ మీద ఉన్న ఊరు, కారులో గంటన్నర. ఆవిడ నాన్న అక్కడే ఒంటరిగా ఉంటాడు, చేతి వంట బాగా చేస్తాడు, మీరు తప్పకుండా రావాలి అన్నాడు.

"ఉత్త చేతులతో ఎలా వెళ్తామండీ? ఏదైనా పట్టుకెళ్ళాలి కదా" అంది మా ఆవిడ. పళ్ళు తీసుకెళ్దామంటే, ఆసుపత్రికా వెళ్తున్నాం అంది. స్వీట్లంటే, మన స్వీట్లు వాళ్ళు తినలేరు, వాళ్ళ స్వీట్లు మనం కొనిపెట్టేదేమిటి అంది. చివరికి ఇటలీలో భోజనానికి వెళ్ళేవాళ్ళు చేసే పనే మేమూ చేద్దామని తేల్చుకున్నాం. ఒక మంచి రెడ్ వైన్ సీసా.

అప్పుడే హైదరాబాదులో ఉన్న మా బావమరిదికి ఫోన్ చేయడం జరిగింది. వాడు ఒకసారి నాసిక్ వెళ్ళి ద్రాక్షతోట చూసొచ్చాడు. అప్పటి నుంచి మా చుట్టాలందరిలో వైన్ పండితుడు.

"చాలా సింపుల్ బావా. సీసా మెడ దగ్గర నంబరు వేసిన కాగితం పట్టీ ఉంటుంది. దాని మీద డీఓసీజీ అని ఉండాలి. ఇటలీ ప్రభుత్వం వేసే ముద్రల్లో అన్నిటికన్నా పైది అదే. తర్వాత లేబుల్ మీద రిజర్వా అని ఉందా చూడు. అలా ఉంటే మామూలు దానికంటే ఎక్కువ కాలం మాగబెట్టారని. ఇంకేం చూడక్కర్లేదు."

"నువ్వు తాగావా?"

"చదివాను బావా."

శనివారం సాయంత్రం కొట్టుకెళ్ళాను. రెడ్ వైన్ ఒక్కటే మూడు అరల నిండా ఉంది. ఇటలీ సీసా చదవడమంటే మన పెళ్ళి శుభలేఖ చదవడం లాంటిది. పేర్లన్నీ పెద్ద పెద్ద అక్షరాల్లో ఉంటాయి, ఎవరు ఎవరికి ఏమవుతారో మాత్రం తెలిసినవాళ్ళే చెప్పాలి. బరోలో అని ఒక సీసా. అది ఊరి పేరు, ద్రాక్ష పేరు నెబ్బియోలో, ఆ పేరు లేబుల్ మీద పెద్దగా కనిపించదు. పక్కన బార్బేరా. అది ద్రాక్ష పేరు. ఇంకో సీసా మీద 'బార్బేరా దాస్తి' అని ఉంటే ఆస్తులు అమ్ముకోవాల్సిన ధరేమో అని భయపడ్డాను. ఆస్తి అనేది ఒక ఊరి పేరట. ధర కూడా అందుబాటులోనే ఉంది. డోల్చెట్టో అని మరొకటి. పేరుకు 'చిన్ని తీపి' అని అర్థం, తాగితే తీపి ఉండదు. ఇవన్నీ నాకు తర్వాత తెలిసిన సంగతులు. ఆ రోజు నాకు తెలిసినవి రెండే మాటలు, డీఓసీజీ, రిజర్వా.

అప్పుడు కనబడింది. మోంటెపుల్చానో అని పెద్ద అక్షరాలు!

నా ఆనందం చూడాలి. ముసలాయన ఊరి పేరుతోనే వైన్! ఆ అరలో అదే పేరున్న సీసాలు రెండు రకాలు ఉన్నాయి. ఒకదాని మీద 'వీనో నోబిలె ది మోంటెపుల్చానో', ఇంకోదాని మీద 'మోంటెపుల్చానో దబ్రూజ్జో'. మొదటిది చేతిలోకి తీసుకున్నాను. నోబిలె అంటే ఏమిటని ఫోన్‌లో చూస్తే గొప్ప, కులీనం అని వచ్చింది. వెంటనే అనుమానం కలిగింది. మన దగ్గర 'స్పెషల్ మీల్స్' అని బోర్డు పెట్టిన హోటల్లో స్పెషల్ ఏముంటుందో నాకు తెలుసు. తన గొప్ప తానే చెప్పుకునే సరుకును గుంటూరువాడు కొనడు. తిరిగి అరలో పెట్టేశాను.

రెండోది ఎంత వినయంగా ఉంది! ఊరి పేరు, పక్కన 'దబ్రూజ్జో'. అది చేసినవాళ్ళ ఇంటిపేరు అనుకున్నాను. ఇటలీలో అలాంటి ఇంటిపేర్లు ఉంటాయిగా మరి. కింద 'కొల్లీనె తెరమానె' అని ఏదో కవిత్వం. మెడకు పట్టీ ఉంది. పట్టీ మీద డీఓసీజీ ఉంది. లేబుల్ మీద రిజర్వా ఉంది. బావమరిది పెట్టిన పరీక్షలన్నీ ఫస్ట్ క్లాసులో పాసయింది. 28 యూరోలు ఇచ్చి, గిఫ్ట్ కాగితం కూడా చుట్టించాను. చుడుతూ కొట్టతను "ఎవరికండీ?" అని అడిగాడు. "మోంటెపుల్చానోలో పెద్దాయనకు" అన్నాను. అతను సీసా వంక చూశాడు, నా వంక చూశాడు, రిబ్బను కొంచెం గట్టిగా కట్టాడు. మర్యాదస్తుడు.

రాత్రి కూర్చుని ఇటాలియన్‌లో మూడు వాక్యాలు బట్టీ పట్టాను. "ఇది మీ ఊరి వైన్. మీ నేల రుచి మీకే తెచ్చాను. దీనికంటే మంచి బహుమతి నాకు తోచలేదు." మా ఆరేళ్ళవాడు, అక్కడి బళ్ళో చదువుతున్నవాడు, ఉచ్చారణ దిద్దాడు. అర్థం మాత్రం ఎవరూ దిద్దలేదు.

ఆదివారం. ఊరు నిజంగా కొండ మీదే. ఇరుకు వీధులన్నీ పైకే పోతాయి. కారు కోట గోడ బయట పెట్టి నడుస్తుంటే మా పెద్దాయన చెప్పాడు, ఏటా ఆగస్టు ఆఖరి ఆదివారం ఈ వీధుల్లోనే పీపాల పందెం జరుగుతుందని. ఎనిమిది పేటల వాళ్ళు, పేటకు ఇద్దరు చొప్పున, 80 కిలోల చెక్క పీపాలను కింద నుంచి పైనున్న చౌకు దాకా దొర్లించుకుంటూ పోవాలి. మా పల్నాడులో బండలాగుడు పందేలున్నాయి, కానీ అక్కడ ఎద్దులు లాగుతాయి. ఇక్కడ మనుషులకే ఆ యోగం. ఈ పందెం 1974లో మళ్ళీ మొదలైన కొత్తలో మామగారు కూడా దొర్లించాడట. ఆయన చేతులు చూస్తే నమ్మాలనిపిస్తుంది. నాకు షేక్‌హ్యాండ్ ఇచ్చాడు, వేళ్ళు కాసేపు నావి కావనిపించింది.

లోపలికి వెళ్ళగానే నేను గొంతు సవరించుకుని, సీసా రెండు చేతులా పట్టుకుని, మూడు వాక్యాలూ తప్పు లేకుండా అప్పజెప్పాను. పెళ్ళిలో ఉంగరం తొడిగినట్టు మెల్లగా కాగితం విప్పాను.

ముసలాయన కళ్ళజోడు పెట్టుకున్నాడు. లేబుల్ చదివాడు. మళ్ళీ చదివాడు. కళ్ళజోడు తీసి తుడిచి మళ్ళీ పెట్టుకుని చదివాడు. "గ్రాత్సియే" అన్నాడు. సీసాను తీసుకెళ్ళి గూట్లో పళ్ళ బుట్ట పక్కన పెట్టి, లేబుల్‌ను గోడ వైపు తిప్పాడు.

మా పెద్దాయన కిటికీలోంచి ఏదో పక్షిని చూస్తున్నాడు. వాళ్ళావిడ వంటింట్లోకి వెళ్ళిపోయింది. ఎండ తగిలితే వైన్ పాడవుతుందని తిప్పి ఉంటాడులే అని నేను మా ఆవిడకు తెలుగులో వివరించాను. ఆమె తలూపింది.

భోజనం మొదలైంది. చేత్తో పేనిన లావుపాటి నూడుల్స్ పెట్టారు. పేరు 'పీచీ'. పేరు వినగానే మా ఆవిడకు నవ్వాగలేదు, పీచు తినమంటున్నారా అంది. టమాటా, బోలెడంత వెల్లుల్లి వేసిన సాస్. ఇటలీ వచ్చాక నాలుకకు ప్రాణం లేచొచ్చింది ఆ రోజే. గ్లాసుల్లో ముసలాయన తన నేలమాళిగలోంచి తెచ్చిన వైన్ పోశాడు. ఒక గుక్క తాగితే నేరేడు పళ్ళు తిన్నట్టు నాలుక పట్టేసింది. దీన్నే మా బావమరిది టానిన్స్ అని పెద్ద పేరుతో పిలుస్తాడు. మనకు వగరు అని చక్కటి మాట ఉంది, ఉగాది పచ్చడిలో ఏటా తింటూనే ఉన్నాం. రెండో గుక్కకు వగరు వెనక ఎండిన చెర్రీల వాసన లాంటిదేదో వచ్చింది. బాగుందండీ, ఏమిటిది అని అడిగాను.

సీసా ఇటు తిప్పారు. 'వీనో నోబిలె ది మోంటెపుల్చానో'. నిన్న నేను అరలో తిరిగి పెట్టేసిన స్పెషల్ మీల్స్!

అప్పుడు వాళ్ళ మనవరాలు, పదేళ్ళుంటాయి, గూటి దగ్గరకు వెళ్ళి నా సీసాను తిప్పి చూసింది. "తాతయ్యా, ఇది అబ్రూజ్జో కదా! మన ఊరిదని ఈయన ఎందుకన్నారు?" అని గట్టిగా అడిగింది. బల్ల చుట్టూ ఫోర్కుల చప్పుడు ఆగిపోయింది.

మా పెద్దాయన ఇక తప్పక నాకు పాఠం చెప్పాడు. మోంటెపుల్చానో అనే ఊరు వేరు, మోంటెపుల్చానో అనే ద్రాక్ష వేరు. ఈ ఊరి నోబిలెలో కనీసం 70 శాతం సాంజొవేజె అనే ద్రాక్ష ఉండాలి. 1980లో తొలిసారి డీఓసీజీ ముద్ర ఇచ్చినప్పుడు, దాన్ని అందుకున్న కొద్ది వైన్లలో ఇదొకటి. అబ్రూజ్జో ఇంటిపేరు కాదు, అసలు వేరే రాష్ట్రం. అపెన్నైన్ కొండలకు అవతల, తూర్పు సముద్రం వైపు. అక్కడ తెరమో అనే ఊరి చుట్టూ కొండల్లో పండించే మోంటెపుల్చానో ద్రాక్షతో చేసినదే నేను తెచ్చిన కొల్లీనె తెరమానె. 2003 నుంచి దానికీ డీఓసీజీ ఉంది. మంచి వైనే. కానీ ఈ ఊరికీ దానికీ ఏ చుట్టరికమూ లేదు.

ఇది ఎలాంటి పని అంటే, మైసూరు నుంచి వచ్చిన చుట్టానికి "ఇదిగోనండీ, మీ ఊరి బజ్జీ" అని ప్లేటులో మైసూరు బజ్జీలు పెట్టినట్టు. అక్కడ అలాంటి బజ్జీకి మంగుళూరు పేరు పెట్టుకున్నారు పాపం. ఆ చుట్టం కూడా "చాలా థాంక్సండీ" అనే అంటాడు. ఇంకేమంటాడు?

బావమరిదిని తిట్టుకుందామంటే వాడి తప్పేం లేదు. ఆ ముద్ర ఫలానా చోట, ఫలానా ద్రాక్షతో, ఫలానా పద్ధతిలో చేశారని సర్కారు వారి పూచీ. సీసా తన చిరునామా అక్షరం పొల్లు పోకుండా చెప్పింది. నేనే దాన్ని ఇంటిపేరు చేసేశాను. ఇలా పొరబడేది నేనొక్కణ్ణే కాదులెండి. ఈ తికమకకు విసిగిపోయే ఈ ఊరివాళ్ళు తమ లేబుళ్ళ మీద టస్కనీ అని కూడా వేయించుకుంటున్నారట. ఆ మాట విన్నాక నాకు కాస్త అన్నం సయించింది.

ముసలాయన మాత్రం లేచి, నా సీసా తెచ్చి, బిరడా తీసి, అందరికీ తలా కాస్త పోశాడు. తాను కూడా చప్పరించాడు. కాసేపు పైకప్పు వంక చూశాడు. "బాగుంది" అన్నాడు. ఆగి, "పొరుగువాళ్ళ పిల్ల కూడా బాగానే ఉంటుంది" అన్నాడు. ఇక్కడివాళ్ళకు తమ చర్చి గంట వినబడినంత మేరే స్వదేశం, అది దాటితే అంతా పొరుగే.

నెల తర్వాత ముసలాయన కూతురింటికి వస్తే ఈసారి మేము పిలిచాం. మా ఆవిడ గారెలు, పులిహోర, గుత్తివంకాయ చేసింది, కారం సగానికి సగం తగ్గించి. మేము గుంటూరువాళ్ళమని, మా ఊరు మిరపకాయలకు పేరని నేనే అంతకు ముందు గొప్పలు పోయి ఉన్నాను. ముసలాయన గుమ్మంలో నిలబడి, గొంతు సవరించుకుని, గిఫ్ట్ కాగితం చుట్టిన పొట్లాన్ని రెండు చేతులా అందించాడు.

"ఇది మీ ఊరి కారం. మీ నేల రుచి మీకే తెచ్చాను. దీనికంటే మంచి బహుమతి నాకు తోచలేదు."

విప్పి చూశాను. ఎర్రటి రేకు డబ్బా. మీద ఏనుగు బొమ్మ. 'మద్రాస్ కర్రీ పౌడర్'.

'మద్రాసు మనదే' అని మా తాతల కాలంలో ఊరూరా అరిచారు. 1953లో ఆంధ్ర రాష్ట్రం వచ్చినప్పుడు దక్కని మద్రాసు, ఇన్నాళ్ళకు రేకు డబ్బాలో కూర్చుని ఫ్లోరెన్స్‌లో మా ఇంటికి వచ్చింది. మా ఆవిడ ముఖం వంక చూడలేదు, చూస్తే ఇద్దరం నవ్వేస్తాం. ఆరేళ్ళవాడు డబ్బా మీద అక్షరాలు కూడబలుక్కుని "నాన్నా, మద్రాస్ మన..." అని మొదలుపెట్టాడు. వాడి నోట్లో గారె కుక్కాను.

"గ్రాత్సియే" అన్నాను. డబ్బాను కళ్ళకద్దుకుని, వంటింటి అరలో పప్పుల డబ్బాల పక్కన పెట్టి, లేబుల్‌ను గోడ వైపు తిప్పాను.

వెనక్కి తిరిగి చూస్తే ముసలాయన ఆ డబ్బా వంకే చూస్తూ, ఎంతో తృప్తిగా గారె నములుతున్నాడు.