పదేళ్ల పిల్లలకు "తప్పకుండా", యాభై అయిదేళ్ల పిన్నికి "ఈ వయసులో ఎందుకు"

సెలవులు దగ్గరపడితే చాలు, బెంగళూరులోని మన తెలుగు కుటుంబాల్లో అండమాన్ ప్రయాణాల మాటలు, వాటితో పాటు స్కూబా డైవింగ్ (వీపున గాలి సిలిండర్ కట్టుకుని నీటి అడుగున ఈదడం) మాటలు మొదలవుతాయి. మారతహళ్లి, వైట్‌ఫీల్డ్ వైపు అపార్ట్‌మెంట్ల వాట్సాప్ గ్రూపుల్లో ఎవరో ఒకరు "మా బాబుకు పదేళ్లు నిండాయి, స్కూబా కోర్సు చేయించవచ్చా?" అని అడుగుతారు, అందరూ ఉత్సాహంగా "తప్పకుండా చేయించండి" అంటారు. అదే గ్రూపులో యాభై దాటిన ఒక తల్లి తనకూ నేర్చుకోవాలని ఉందని రాస్తే మాత్రం "ఈ వయసులో ఎందుకండీ?" అనే జవాబే వస్తుంది. ఈ రెండు జవాబులూ తలకిందులుగా ఉన్నాయని నా గట్టి అభిప్రాయం.

ముందు నియమాల సంగతి. డైవింగ్ శిక్షణ ఇచ్చి సర్టిఫికెట్ ఇచ్చే సంస్థల్లో ఎక్కువ మంది ఎంచుకునే పాడీ (PADI) పద్ధతిలో పదేళ్లు నిండినవారు జూనియర్ ఓపెన్ వాటర్ అనే తొలి స్థాయి కోర్సులో చేరవచ్చు. అయితే పది, పదకొండేళ్ల పిల్లలు సర్టిఫికెట్ చేతికి వచ్చాక కూడా 12 మీటర్ల కంటే లోతుకు వెళ్లకూడదు. పక్కన వృత్తిరీత్యా డైవింగ్ చేయించేవారో, స్వయంగా సర్టిఫికెట్ ఉన్న తల్లో తండ్రో ఉండి తీరాలి. 12 నుంచి 14 ఏళ్ల వారు సర్టిఫికెట్ ఉన్న పెద్దల తోడుతో 18 మీటర్ల దాకా దిగవచ్చు. 15 నిండితే గాని "జూనియర్" అన్న మాట తొలగదు. పై వయసుకు మాత్రం ఎలాంటి హద్దూ లేదు. అంటే పది అనేది అంతకు ముందు వద్దని చెప్పే గీతే తప్ప, ఆ పుట్టినరోజు కాగానే నీళ్లలోకి దించమని చెప్పే సలహా కాదు. మన తల్లిదండ్రులు దాన్ని సలహాగా చదువుకుంటున్నారు.

డైవింగ్‌లో మొట్టమొదట నేర్పే పాఠం ఊపిరి బిగబట్టవద్దన్నది. పది మీటర్ల లోతున నీటి ఒత్తిడి ఉపరితలం మీద ఉన్నదానికి రెట్టింపు ఉంటుంది. అక్కడ నిండుగా పీల్చిన గాలిని బయటికి వదలకుండా పైకి వస్తే అది రెండింతలుగా వ్యాకోచించి ఊపిరితిత్తుల్ని చీల్చగలదు. ఈ సూత్రం తెలివైన పదేళ్ల పిల్లకు అరగంటలో అర్థమవుతుంది, పరీక్షలో రాయమంటే మనకంటే చక్కగా రాస్తుంది. కానీ మాస్క్‌లోకి నీళ్లు చేరి, ముక్కు మండి, గుండె దడదడలాడుతున్నప్పుడు శరీరం కోరేది ఒక్కటే: ఊపిరి బిగబట్టి పైకి పరుగెత్తడం. ఆ కోరికను అణచుకుని, నింపాదిగా ఊపిరి వదులుతూ, ఉన్నచోటే ఆగి ఆలోచించగలగడం మార్కులతో తెలిసే విషయం కాదు. కొందరు పిల్లలకు పన్నెండేళ్లకే ఆ నిదానం వస్తుంది, కొందరికి పదహారేళ్లకూ రాదు.

ఇంతకంటే ముఖ్యమైన సంగతి ఇంకొకటి ఉంది. ఏ డైవర్ అయినా, ఏ క్షణంలోనైనా, ఏ కారణంతోనైనా డైవ్ మానుకోవచ్చు, ఎవరికీ సంజాయిషీ చెప్పనక్కరలేదు అన్నది డైవింగ్ లోకమంతా పాటించే మర్యాద. నీళ్లలో బొటనవేలు పైకి చూపిస్తే "ఇక చాలు, పైకి పోదాం" అని అర్థం; ఎదుటివాడు వెంటనే లేవాలి. స్కూబా మొదలుపెట్టడానికి నేను ఒప్పుకునే వయసు ఒక్కటే, అది ఆ వేలు తనంతట తాను ఎత్తగలిగే వయసు.

కర్ణాటక తీరానికి ఎదురుగా ఉన్న నేత్రాణి దీవికి వెళ్లే డైవర్లు మురుడేశ్వర్‌లో పడవ ఎక్కుతారు. ఆ దీవి తీరానికి సుమారు 19 కిలోమీటర్ల దూరం. ఒకసారి మాతో బెంగళూరు నుంచి వచ్చిన ఒక తెలుగు కుటుంబం ఉంది. పాపకు మహా అయితే పదకొండేళ్లు. దారి పొడవునా చీదుతూనే ఉంది, చేతిలోని రుమాలు తడిసి ముద్దయింది. జలుబు చేసినప్పుడు ముక్కు వెనుక నుంచి చెవికి వెళ్లే నాళం మూసుకుపోతుంది, లోపలి ఒత్తిడి సర్దుకోదు, బలవంతంగా దిగితే కర్ణభేరికి దెబ్బ తగులుతుంది. ఆరోగ్య ప్రశ్నల ఫారం ఆ తండ్రి తానే నింపాడు, అన్నిటికీ "లేదు" అని గీతలు పెట్టుకుంటూ పోయాడు. ఆ పిల్ల మెల్లగా "నాన్నా, చెవి నొప్పిగా ఉంది" అంది. "ఇంత దూరం వచ్చాం, డబ్బు కట్టేశాం కదా తల్లీ, ఒక్కసారి దిగి ఫోటో దిగి వచ్చేయ్" అన్నాడాయన. ఆయన దుర్మార్గుడు కాదు, కూతురంటే ప్రాణం ఉన్న మనిషే. కానీ ఆ మాట తరువాత ఆ పిల్ల ఇక వద్దని చెప్పలేదు. బడిలో టీచరుకు, ఇంట్లో నాన్నకు ఎదురు చెప్పకూడదని పెంచిన పిల్ల, పదిహేను మంది చూస్తుండగా పడవలో ఎలా చెబుతుంది? ఆ రోజు ఇన్‌స్ట్రక్టర్ గమనించి ఆపాడు. అలా ఆపకుండా దించేసిన చోట్లు కూడా చూశాను.

ఇక పెద్దల సంగతి. ఆ ఆరోగ్య ఫారంలోనే 45 దాటినవారికి విడిగా కొన్ని ప్రశ్నలుంటాయి: పొగ తాగుతారా, కొలెస్ట్రాల్, రక్తపోటు ఎక్కువా, దగ్గరి రక్తసంబంధీకుల్లో యాభై ఏళ్లలోపు గుండెజబ్బుతో పోయినవారున్నారా అని. ఒక్కదానికి "అవును" అన్నా డాక్టరు సంతకం కావాలి. 14 నిమిషాల్లో 1.6 కిలోమీటర్లు నడవడం కష్టమవుతుందా అన్న ప్రశ్న అన్ని వయసుల వారికీ ఉంది; ఎలక్ట్రానిక్ సిటీలో రోజంతా కుర్చీలో కూర్చునే ముప్పై ఏళ్ల వాళ్లలో ఎందరు దీనికి నిజాయితీగా జవాబు చెప్పగలరో ఆలోచించండి. నీళ్లలోకి దిగగానే కాళ్లలోని రక్తం ఛాతీ వైపు చేరి గుండె మీద భారం పెంచుతుంది. వయసు మళ్లిన డైవర్ల మరణాల్లో గుండెజబ్బు ప్రధాన కారణాల్లో ఒకటి. కాబట్టి పెద్దలకు ప్రమాదం లేదని నేను అనను. ఆ ప్రమాదాన్ని ముందే పరీక్ష చేయించి తెలుసుకునే దారి ఉందని, దాని గురించి నిర్ణయం తీసుకునేది వాళ్లేనని మాత్రం అంటాను.

మా పిన్ని ఉదాహరణే చెబుతాను. యాభై అయిదేళ్లకు తమ అపార్ట్‌మెంట్ కొలనులో ఈత నేర్చుకోవడం మొదలుపెట్టింది, ఎందుకంటే ఓపెన్ వాటర్ కోర్సులో ఆగకుండా 200 మీటర్లు ఈదాలి, పది నిమిషాలు నీటి మీద తేలగలగాలి. కొడుకు "నీకెందుకమ్మా ఇవన్నీ" అన్నాడు. ఆమె డాక్టరు దగ్గరికి వెళ్లింది, ట్రెడ్‌మిల్ పరీక్ష చేయించుకుంది. రక్తపోటు అదుపులోకి వచ్చేదాకా ఆగమన్నారు. ఆగింది. మందు మారాక, అంకెలు నిలకడగా వచ్చాక, సంతకం తీసుకుని కోర్సులో చేరింది. ఆ ఆగడంలోనే ఆమె అర్హత నాకు కనిపించింది.

ఈ చర్చ వచ్చినప్పుడల్లా 2018లో 95 ఏళ్ల వయసులో సైప్రస్ దగ్గర జెనోబియా నౌక శిథిలాల వద్ద 40 మీటర్ల లోతుకు దిగిన రే వూలీ గురించి ఎవరో ఒకరు పంపిస్తుంటారు. ఆయనంటే నాకూ ఎంతో గౌరవం, కానీ అప్పటికే ఆయనకు అర్ధ శతాబ్దానికి పైగా అనుభవం ఉంది. కొత్తగా మొదలుపెట్టే పెద్దలకు ఆయన కొలమానం కాదు. వాళ్లకు 12 మీటర్లలో, మంచి ఇన్‌స్ట్రక్టర్ పక్కన, చేపల గుంపును తనివితీరా చూసి రావడమే చాలు.

డైవింగ్ నేర్పేవారిని నేను కోరేది ఇది. పద్దెనిమిదేళ్లలోపు వారి ఫారం మీద తల్లిదండ్రుల సంతకం తీసుకోండి, అది అవసరం. ఆ తరువాత ఆ పిల్లనో పిల్లవాణ్నో అమ్మానాన్నలకు వినపడనంత దూరం తీసుకెళ్లి, "నీకు దిగాలని ఉందా?" అని అడగండి. "లేదు" అని చెబితే, డబ్బు వెనక్కి ఇచ్చేయండి.