జానీ క్యాష్ మొదట పట్టుకొచ్చింది దేవుడి పాటలే
మత్తు అలవాటు నుంచి బయటపడ్డాకే అమెరికన్ కంట్రీ గాయకుడు జానీ క్యాష్ భక్తిపాటల వైపు మళ్లాడని ఆయన మీద వచ్చిన ఒక వ్యాసంలో రాశారు, ఈ మాట మాత్రం నేను ఒప్పుకోలేను. మెంఫిస్‌లో సన్ రికార్డ్స్ అనే పాటల కంపెనీ గడప తొక్కినప్పుడే ఆయన గాస్పెల్, అంటే క్రైస్తవ భక్తిపాటలు, పాడతానని వెళ్లాడు. అవి అమ్ముడుపోవని ఆ కంపెనీ యజమాని శామ్ ఫిలిప్స్ వద్దన్నాడు. 1958లో కొలంబియా అనే మరో పాటల కంపెనీకి మారడానికి అదీ ఒక కారణం, 1959లోనే పూర్తి భక్తిగీతాల ఆల్బమ్ తెచ్చాడు. అసలు ఆ పాటలు ఆర్కన్సా రాష్ట్రంలోని పత్తి చేలో ఇంటిల్లిపాదీ పాడుకున్నవి. పాస్టర్ కావాలనుకున్న అన్న జాక్ 1944లో రంపం మిషన్ ప్రమాదంలో చనిపోయినప్పుడు జానీకి 12 ఏళ్లు. ఆ దుఃఖం ఆయన గొంతులో చివరిదాకా ఉందనే నాకనిపిస్తుంది. మా నానమ్మ కూడా పత్తి తీస్తూ ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు పాడేది, ఎండ నెత్తికెక్కే వేళకి ఆమె గొంతు ఇంకాస్త పెరిగేది. అందుకేనేమో క్యాష్ పాడుతుంటే ఎవరో మనింటి మనిషి పాడినట్టే ఉంటుంది. 1968 జనవరి 13న కాలిఫోర్నియాలోని ఫాల్సమ్ జైల్లో ఖైదీల ముందు పాడి చేసిన రికార్డు హెడ్‌ఫోన్స్ పెట్టుకుని వినండి. పాటల మధ్యలో మైకులో ఖైదీల నంబర్లు పిలవడం కూడా వినిపిస్తుంది. ఆ ఆల్బమ్‌లో చివరి పాట జైలు ప్రార్థనా మందిరం గురించి అక్కడి ఖైదీ గ్లెన్ షెర్లీ రాసుకున్నది. క్యాష్ ముందురోజు రాత్రే దాన్ని టేపులో విని నేర్చుకున్నాడు. తన పాట పాడబోతున్నారని తెలియకుండానే షెర్లీ ముందు వరుసలో కూర్చుని ఉన్నాడు.