సాహసం సరే, గీజర్ ఉందా?

సాహసయాత్రకు చోటు ఎంచుకోవడం అల్లాటప్పా వ్యవహారం కాదు. ముందు వాట్సాప్‌లో గ్రూపు పెట్టాలి. మేం పెట్టి పదకొండు నెలలైంది. సభ్యులు మేమిద్దరం, మా బావమరిది దంపతులు, పై ఫ్లోర్ రావుగారి కుటుంబం. ఫోన్ ముట్టుకోకపోయినా వీటో అధికారం మాత్రం మా అత్తగారిదే. కూకట్‌పల్లి దాటి ఇంతవరకూ ఎవరం కదల్లేదు గానీ, నియమావళి మాత్రం పక్కాగా తయారైంది.

అడవి దట్టంగా ఉండాలి, కారు గది గుమ్మం దాకా వెళ్లాలి. కొండ నిటారుగా ఉండాలి, రావుగారి మోకాళ్లకు తెలియకూడదు. నరమానవుడు కనిపించని చోటై ఉండాలి, పొద్దున ఏడింటికల్లా వేడి ఇడ్లీ దొరకాలి. గీజర్ మీద మాత్రం చర్చే లేదు.

మొదట లడఖ్ పేరొచ్చింది. తెచ్చింది మా బావమరిది. వాడు ఒకసారి అక్కడి ఖర్దుంగ్ లా కనుమ దాకా వెళ్లొచ్చినవాడు, ఇంట్లో ఏ పెళ్లి మాట వచ్చినా చివరికి ఖర్దుంగ్ లా దగ్గర తేలతాడు. అక్కడి బోర్డు మీద ఏళ్ల తరబడి 18,380 అడుగులని రాసుండేది. కొలిస్తే తేలింది 17,582. మిగతా 798 అడుగులూ మావాడు బోర్డు మీదే ఎక్కాడన్నమాట. లేహ్ ఊరే దాదాపు 11,500 అడుగుల ఎత్తులో ఉంది. విమానం దిగాక గాలి అలవాటయ్యేదాకా ఒకటి రెండు రోజులు గదిలో కదలకుండా పడుకోమంటారు డాక్టర్లు. ఈ సాహసంలో నాకు ప్రతి ఆదివారం అనుభవమే. దానికి విమాన టికెట్ ఎందుకన్నాను. లడఖ్ వీగిపోయింది.

తర్వాత రిషీకేశ్, రాఫ్టింగ్. గంగలో అక్కడి సుడులకు రోలర్ కోస్టర్, గోల్ఫ్ కోర్స్ అని పేర్లున్నాయని రావుగారబ్బాయి ఉత్సాహంగా వివరిస్తుంటే అత్తగారు చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ విన్నారు.

"గంగల మునగనీకి రబ్బరు పడవ ఎందుకు? పైసలియ్యకుండనే మునగొచ్చు గద."

దీనికి జవాబు మాలో ఎవరి దగ్గరా లేదు.

భువనగిరి పేరు చెప్పిన పాపం నాది. హైదరాబాద్‌కు యాభై కిలోమీటర్ల దూరం, ఐదొందల అడుగులకు పైబడిన ఏకశిల. 2014 మే 25న, పద్నాలుగేళ్లు నిండకుండానే ఎవరెస్టు ఎక్కిన మాలావత్ పూర్ణ రాళ్లెక్కడం నేర్చుకున్నది ఆ బండ మీదే. ఇంతకంటే ఏం కావాలి? చాలా కావాలట. "అక్కడి నుంచి రోజూ ఆఫీసుకొచ్చేవాళ్లున్నారు బావా, దానికి లీవ్ పెడితే నవ్వరూ?" అన్నాడు బావమరిది. నిజమే. సాహసం ఎంతో తేల్చేది కొండ ఎత్తు కాదు, విమాన టికెట్ ధర. ఎవరెస్టుకు పనికొచ్చిన బండ మా స్టేటస్‌కు చాల్లేదు.

అప్పుడు అత్తగారు సలేశ్వరం ఎత్తారు. ఆవిడది అచ్చంపేట వైపు. నల్లమలలో, అమ్రాబాద్ పులుల అడవిలో, చైత్ర పౌర్ణమికి ఏడాదిలో కొద్ది రోజులే సాగే జాతర. గుట్టలెక్కి, లోయలోకి దిగి, రాళ్ల మధ్య ఒక్కొక్కరే ఒదిగి నడవాలి. "చెప్పులు చేతవట్టుకొని పోయినం. సద్ది మూట నెత్తిమీద. వస్తున్నం లింగమయ్యా అనుకుంట పోతే అలుపేడిది?" అన్నారు. కాసేపు ఎవరూ మాట్లాడలేదు. నా ట్రెకింగ్ బూట్లు గుర్తొచ్చాయి. ఆరు వేలు పోసి కొన్నాను. 'తినకూడదు' అని రాసున్న తెల్ల పొట్లం ఇంకా వాటిలోనే ఉంది.

"పార్కింగ్ ఉందా అండీ అక్కడ?" అని రావుగారు అడిగారు.

చివరికి ఏకగ్రీవంగా అనంతగిరి ఖాయమైంది. ఇది నాలుగోసారి. వికారాబాద్ పక్కన, ఎనభై కిలోమీటర్ల లోపే, మూసీ పుట్టిన చోటు. పుట్టినచోట శుభ్రంగానే ఉంటుంది పాపం. అంతకు మించిన సాహసం కావాలన్నవాళ్లు హైదరాబాద్‌లో అదే మూసీ మీదున్న చాదర్‌ఘాట్ వంతెన మీద ముక్కు మూసుకోకుండా నిలబడవచ్చు.

ఆదివారం తెల్లారి ఐదింటికి బయల్దేరాలని తీర్మానం. ఐదింటికి లిఫ్టు దగ్గర పులిహోర డబ్బాతో నిలబడింది అత్తగారు ఒక్కరే. నేను లేచి, బూట్లు వెతికి, అందులోంచి ఆ పొట్లం తీసేసరికి పదైంది.